సగం కాగితం మీద లారీ

దిల్‌సుఖ్‌నగర్,
6 జూన్ 2011

చిరంజీవి బాపిరాజుకు,

నేను రబ్బరు వాడలేదు. కిందటి బొమ్మలో ఏనుగు తొండం దగ్గర కాగితం తెల్లబడిందనీ, అక్కడ చెరిపిన ఆనవాలు స్పష్టంగా ఉందనీ రాశావు. అది ఇడ్లీ పిండి. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో పెన్సిలు పట్టుకుంటే ఇలాంటివి జరుగుతాయి. ముప్ఫై ఏళ్ళు మలక్‌పేటలో ఆడపిల్లలకు డ్రాయింగు నేర్పిన దాన్ని, వాళ్ళ చేతుల్లోంచి రబ్బర్లు లాక్కున్న దాన్ని. నామీదే ఈ నేరమా?

అసలు బొమ్మలో ఏముందో ఉత్తరంలో రాయకూడదన్నది మన మొదటి నియమం. నేరారోపణ కాబట్టి ఈసారికి మినహాయింపు ఇస్తున్నాను. మిగతావి గుర్తున్నాయా? చెరపకూడదు. అడగకూడదు. నీ సగం నువ్వే గీయాలి, నా సగం నేనే గీయాలి. ఎవరు తప్పితే వాళ్ళతో ఆట సరి. ఇంట్లో పలక ఒక్కటే ఉన్న రోజుల్లో, మోచేతులు తగిలి కొట్టుకుంటున్నామని నాన్న మధ్యలో సుద్దతో అడ్డగీత గీశాడు. నీది ఎడమచేతి వాటం కాబట్టి ఎడమ సగం నీకిచ్చాడు. నాకు పెళ్ళయి గుడివాడ విడిచాక ఆ పలక పోస్టు కవరైంది. ఒకరు సగం గీసి పంపితే, రెండోవాళ్ళు మిగతా సగం గీసి తిప్పి పంపాలి. యాభై మూడేళ్ళు. నా చదువు, ఉద్యోగం, సంసారం అన్నీ పూర్తయిపోయాయి. ఇదొక్కటే పూర్తికాకుండా మిగిలింది. దీన్ని రబ్బరు సాకు చెప్పి ముగించేద్దామని చూడకు.

ఇక గుడివాడ వచ్చెయ్యమని ఏడోసారి రాశావు. మీ టీవీలో మా వీధి మండిపోతోందట. మా వీధిలో నిన్న మండినది నా మనవరాలు బిందు పొయ్యి మీద పెట్టి మర్చిపోయిన పాలు. అది బ్యాంకు పరీక్షల కోచింగుకు పోతుంది, బందు రోజున ఇంట్లో చదువుకుంటుంది, కాబట్టి వారానికి ఒక బందు ఉంటే దానికి ర్యాంకు వచ్చేట్టుంది.

నాకు తోడు లేదని బెంగ పడకు. పై వాటాలో కిరాయికుండే బాలమ్మ ఉంది. నల్గొండ వైపు పల్లెటూరు, చర్చి మనిషి. ఆమె భర్త యేసుదాసు ఆటోనగర్‌లో లారీలకు పూలూ పులులూ నెమళ్ళూ వేసేవాడు, ఈవిడ రంగులు నింపేది. ఆయన పోయి నాలుగేళ్ళు. మధ్యాహ్నం కరెంటు పోగానే కిందికి దిగివస్తుంది. వరండాలో ఒక కాగితం మధ్యలో పెట్టుకుని ఆమె ఒక గీత, నేను ఒక గీత. గీతలు వంతులవారీగా, మాటలు మాత్రం ఇద్దరివీ ఒకేసారి. తెలంగాణ రావాలంటుంది నా ఎదురుగానే, నా మంచినీళ్ళు తాగుతూ. నీ ఉత్తరం సంగతి చెబితే ఏమందో తెలుసా? “పోతె పోండ్రి టీచరమ్మా. గని గా కిటికీ కాడి బల్ల మాత్రం నాకిడిసి పోండ్రి.”

నీ సగం పూర్తిచేసి దీనితో పంపుతున్నాను. అన్నట్టు ఫిబ్రవరి నుంచి ఉత్తరాలు కంప్యూటరులో కొట్టించి పంపుతున్నావు. బాగానే ఉంది, ఆధునికుడివయ్యావు. కానీ నీ ‘ళ’కి ఉండే వంకర లేకపోతే తమ్ముడి దగ్గర్నుంచి కాక కరెంటాఫీసు నుంచి వచ్చిన నోటీసులా ఉంటోంది.

నిర్దోషి అయిన నీ అక్క,
లలితకుమారి


గుడివాడ,
15 జూన్ 2011

అక్కయ్యకు నమస్కారాలు.

ఇడ్లీ పిండి సంజాయిషీ విచారించి, అనుమానం మిగుల్చుకుంటూనే కేసు కొట్టేశాను.

నీ సగం అందింది. నియమం ప్రకారం దాని గురించి రాయను. రాయనక్కర్లేదు కూడా. చూడగానే అంతా తెలిసిపోయింది. నోటితో ఒప్పుకోని సంగతి కాగితం మీద ఒప్పుకున్నావు. నీ పద్ధతే అంత. అడిగితే పది మాటలంటావు, అడగడం మానేస్తే నువ్వే బయటపడతావు. ఇంట్లో అందరికీ చెప్పాను. ఎవరికీ కోపం లేదు, పైగా పండగలా ఉంది. అందరికంటే నా కోడలు అమల ఎక్కువ సంబరపడుతోంది. తూర్పు గదికి సున్నం వేయిస్తున్నాను. లారీ సంగతి ఇక నువ్వేమీ ఆలోచించకు.

కంప్యూటరు మీద కోపమెందుకు? కాలంతో పాటు పోవాలి.

సంతోషంతో,
బాపిరాజు


దిల్‌సుఖ్‌నగర్,
22 జూన్ 2011

చిరంజీవి బాపిరాజుకు,

పట్టేశావన్నమాట.

నువ్వు ఆట ముగించేస్తావని భయపడుతూనే కవరు విప్పాను. కోపం లేదని చదివాక మళ్ళీ ఒకసారి చదివాను, నువ్వేనా రాసింది అని. ఇక దాచను. ఇది నిన్నా ఇవాళా అనుకున్నది కాదు, నాలుగు నెలలుగా నడుస్తున్నదే. ముందే చెబితే మజా ఏముంటుంది? ఎన్నాళ్ళకు కనిపెడతావో చూద్దామని ఊరుకున్నాను. లారీ చూశాకైనా తెలుసుకుంటావనుకున్నాను, తెలుసుకున్నావు. అందులో బాలమ్మ ప్రమేయమే ఎక్కువ. నేను సరేనన్నానంతే. నీకు కోపం లేదని చెబితే ఆమె, “మీ తమ్ముడు మంచోడే గద! ఉత్తగనే భయపెట్టినవ్ నన్ను” అంది.

గదికి సున్నం వేయించు, మంచిదే. ఆ గోడలకు చెదలు పట్టి చాలా కాలమైంది.

మొన్న ఆదివారం ఎల్బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే రాళ్ళు పెట్టి పొయ్యిలు వెలిగించి, వండుకుని, అక్కడే కూర్చుని తినడం. ఉద్యమమంటే ఇలా ఉండాలి. బాలమ్మ రమ్మంది, ఆటో ఎక్కి పోయాను. విజయవాడ బస్సులు ఆగిపోయే చోట విస్తరి ముందు కూర్చున్నాను. వడ్డించే కుర్రాడొకడు నా మాట విని, “అమ్మా, మీరు ఆంధ్రోళ్ళు గద?” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తినడం ఆపి చూశారు. “అవును నాయనా, మొహమాటం లేనిదాన్ని. పప్పులో ఉప్పు చాల్లేదు” అన్నాను. వాడు పోయి ఉప్పు ప్యాకెట్టు పట్టుకొచ్చి, “ఇగో, మీరే ఎయ్యండ్రి” అన్నాడు. వేశాను. కాస్త ఎక్కువైంది. బాలమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని అందరికీ వినబడేట్టు అంది కదా, “గిదే టీచరమ్మా, అన్నిట్ల మీదే చెయ్యి ఎక్కువ పడ్తది!” ఆ చౌరస్తా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు, నలభై ఏళ్ళలో.

నా కొత్త సగం దీనితో వస్తోంది. ఇది నా సొంతం. నమ్ము.

నేరం ఒప్పుకున్న నీ అక్క,
లలితకుమారి


గుడివాడ,
2 జూలై 2011

అక్కయ్యకు నమస్కారాలు.

నాలుగు నెలలుగా అనుకుంటున్నావా! ఒక్క మాట చెబితే వేసవిలోనే ఏర్పాటు చేసేవాణ్ణి కదా. నీ మనసు మార్చినందుకు ఆ బాలమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. లారీ కూడా వాళ్ళ వైపు నుంచే కుదిరిందంటున్నావు, ఇక నాకేం పని లేకుండా చేశావు.

అయినా సామాను కట్టడం ఆడవాళ్ళ వల్ల కాదు. మన పిన్ని కొడుకు సాంబమూర్తిని పంపుతున్నాను. రైల్వే గూడ్సు ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు చేశాడు, గాజు గ్లాసును గోనెసంచిలో కట్టి కలకత్తా పంపగలడు. బందులు లేని రోజు చూసుకుని పదకొండో తేదీకి వస్తాడు. ఏవి తెస్తావో, ఏవి వదిలేస్తావో చీటీలు అంటించి ఉంచు. ఆ కిటికీ దగ్గర బల్ల బాలమ్మగారికి ఇచ్చెయ్యి, పాపం అడిగింది కదా.

నీ సగం పూర్తిచేసి, నా కొత్త సగంతో పాటు పంపుతున్నాను. ఇదే పోస్టులో పంపే ఆఖరి బొమ్మ కావచ్చు. ఇకమీదట ఒకే బల్ల దగ్గర కూర్చోవచ్చు.

ఎదురుచూస్తూ,
బాపిరాజు


దిల్‌సుఖ్‌నగర్,
13 జూలై 2011

బాపిరాజూ,

ఆశీస్సులు ఆఖర్న. ముందు సంగతి విను.

నీ ఉత్తరమూ సాంబమూర్తీ ఒకే రోజున దిగారు. ఉత్తరం కంటే అతను గంట ముందొచ్చాడు. ఎల్బీ నగర్‌లో బస్సు దిగి, ఆరు గోనెసంచులూ కొబ్బరితాడు చుట్టా మోసుకుంటూ వచ్చి, “అక్కయ్యా, బీరువా ఖాళీ చేశావా?” అన్నాడు. మంచినీళ్ళు కూడా తాగకుండా గ్రైండరును కట్టెయ్యడం మొదలుపెట్టాడు. కోచింగు నుంచి వచ్చిన బిందు, ఎవరో ముసలాయన మన గ్రైండరు ఎత్తుకుపోతున్నాడని గుమ్మంలోంచే కేకపెట్టింది.

ఆ కేకకు బాలమ్మ కిందికొచ్చింది. గోనెసంచులు చూసింది. సాంబమూర్తి చేతిలో తాడు చూసింది. నావైపు చూసింది.

“గొడవలకు భయపడి పోతున్నరా టీచరమ్మా? నాతోని ఒక్క మాటన్న చెప్పకుంట?”

“నాకూ ఎవరూ చెప్పలేదే బాలమ్మా, నేను పోతున్నట్టు!” అన్నాను.

నమ్మలేదు. “బల్ల నాకొద్దు. బల్ల ఏం జేసుకుంట నేను?” అని పైకి పోయి తలుపు వేసుకుంది. ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది కానీ ఆమె దిగలేదు. వరండాలో కాగితం నాలుగింటిదాకా అలాగే ఉంది. నేను ఒక గీత గీసి, రెండో గీతకు వంతు రాక కూర్చున్నాను. నామీద ఎవరైనా అలిగితే నాకు మామూలుగా ఆకలి బాగా వేస్తుంది. ఆ రోజు వెయ్యలేదు.

తరవాత నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని, సాంబమూర్తిని నిలదీశాక తెలిసింది నువ్వేం అనుకున్నావో. ఇప్పుడు నియమం తప్పి బొమ్మ గురించి రాస్తున్నాను. వేరే దారి లేదు.

నీ సగంలో ఒక ఆడమనిషి సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఎదురుగా ఖాళీ రోడ్డు. ఆ రోడ్డు నా సగం. దాన్ని నేను గీయలేదు. బాలమ్మ గీసింది. ఫిబ్రవరి నుంచీ నా పేరుతో నీకు వస్తున్న సగాల్లో చాలావాటిలో ఆమె చెయ్యి ఉంది. పరాయి గీతను నువ్వు ఎన్నాళ్ళకు పోల్చుకుంటావో చూద్దామని మొదలైన అల్లరి అది. నువ్వు “తెలిసిపోయింది” అని రాస్తే ఈ అల్లరే తెలిసిపోయిందనుకుని ఒప్పేసుకున్నాను. నేను ఒప్పుకున్నది ఒకటి, నువ్వు సున్నం వేయించింది ఇంకొకదానికి.

బాలమ్మకు రోడ్డు ఇస్తే లారీ వేస్తుంది. కొండ ఇచ్చినా లారీయే. మార్చిలో నువ్వు పంపిన సముద్రంలో పడవకు చక్రాలున్నాయి, చూడలేదా? ఈ లారీలో ఉన్నవి నా బీరువాలు కావు నాయనా. వంటావార్పుకు పోయే డేగిసాలు, అంటే పెద్ద వంట గిన్నెలు, గంటెలు, పొయ్యి కట్టెలు. గుమ్మంలో మనిషి చేతిలో సంచిని ఆమె బియ్యం సంచి అనుకుంది. లారీ వచ్చిందని ఇంట్లోంచి బియ్యం తెచ్చి ఇస్తున్న తల్లి అనుకుంది. నువ్వు ఆ తల్లిని నేననుకుని, డేగిసాలను నా సామాననుకుని, ఊరంతా చాటింపు వేశావు. అడగకూడదన్న నియమం పెట్టుకున్నందుకు మనకు జరగాల్సిందే జరిగింది.

నా సగం నేను గీయలేదు కాబట్టి నియమం ప్రకారం ఆట సరి. తప్పు నాది. అందుకు ఇడ్లీ పిండి లాంటి సంజాయిషీ నా దగ్గర లేదు.

కానీ ఇంకో సంగతి ఉంది. నిన్న సాంబమూర్తి మెట్లెక్కి, మూసిన తలుపు ముందు నిలబడి బాలమ్మకు జరిగినదంతా విప్పి చెప్పాడు. గూడ్సు ఆఫీసులో పోయిన పార్సెళ్ళ గురించి చెప్పిన అలవాటు, చాలా ఓపిగ్గా చెప్పాడు. తలుపు తీసింది. దిగివచ్చి, “గా బొమ్మలన్ని ఓసారి తియ్యండ్రి, చూస్త” అంది. ఏడాదిగా నా దగ్గర మిగిలినవన్నీ నేలమీద పరిచాం. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ చూసి, ఫిబ్రవరికి ముందువి ఒక వరస, తరవాతివి ఒక వరస పేర్చింది.

“మీ తమ్ముడు ఎడమచేతోడని జెప్పినవ్ గద?”

“అవును.”

“గీ నీడ గీతలు జూడు. జనవరి దాంక ఇటు వాలినయ్. ఆడికెల్లి అటు వాలుతున్నయ్. గిది కుడిచెయ్యి టీచరమ్మా. మా యేసుదాసు కాడ పదిమంది పనిచేస్తుండె. ఎవరి గీత ఏ దిక్కు వాల్తదో నాకెర్కే.”

చూశాను. నిజం. ముప్ఫై ఏళ్ళు డ్రాయింగు టీచరునట! పరాయి చెయ్యిని నువ్వు పోల్చుకోలేదని నవ్వుకుంటూ, నా ఒళ్ళో ఉన్న పరాయి చెయ్యిని నేను చూడలేదు.

బాపిరాజూ, ఆ కుడిచెయ్యి ఎవరిది?

సాంబమూర్తి రేపు బయల్దేరతాడు. గ్రైండరు విప్పించాను, ఆ ముడులు మాత్రం అమోఘం. ఆశీస్సులు.

ముద్దాయీ, ప్లీడరూ కూడా అయిన
నీ అక్క


గుడివాడ,
20 జూలై 2011

అక్కయ్యకు,

ఇది నా చేత్తో రాస్తున్నాను. నాలుగు వాక్యాలకు గంట పడుతుంది, ఓపిక పట్టు.

మాఘమాసం నుంచి ఎడమచెయ్యి వణుకుతోంది. కాఫీ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా తాగుతుంది. డాక్టరు మందులిచ్చాడు, వణుకు కాస్త తగ్గుతుందన్నాడు కానీ పోతుందనలేదు. గీత గీస్తే చీమ నడిచినట్టు ఉంది. నీకు చెబితే ఆట ఆగిపోతుంది. అందుకని అమలతో గీయించాను. ఏం వేయాలో నేను చెప్పేవాణ్ణి, తను వేసేది. కంప్యూటరు కూడా అందుకే.

ఆ గుమ్మంలో మనిషి మాత్రం అమల సొంతం. నువ్వొస్తే నీ దగ్గర నేర్చుకోవాలని తనకు ఆశ. అడగకూడదు కాబట్టి గీసింది. జవాబు వచ్చిందనుకుని తనే ఎక్కువ ఎగిరింది.

ముందు నియమం తప్పింది నువ్వో నేనో తెలీదు. ఇద్దరమూ ఫిబ్రవరే. ఆట సరి అంటే సరే.

నువ్వడిగిన ‘ళ’ ఇదిగో: ళ ళ ళ.

బాపిరాజు


దిల్‌సుఖ్‌నగర్,
29 జూలై 2011

చిరంజీవి బాపిరాజుకు, ఈసారి ఆశీస్సులు ముందే,

నాలుగు వాక్యాలన్నావు, నేను పద్దెనిమిది లెక్కపెట్టాను. అబద్ధాలాడే అలవాటు ఫిబ్రవరితో పోలేదన్నమాట.

నీ ఉత్తరం చదివి, లోపలికి పోయి, మొహం కడుక్కుని వచ్చాను. అంతకంటే అడక్కు. బాలమ్మ చూసి, పెన్సిళ్ళు చెక్కుతూ కూర్చుంది. 

తరవాత ఒక ప్రయోగం చేశాం. నీ అక్షరాల్లో ఉన్న ఆ వణుకు గీతను చూసి గీద్దామని కూర్చున్నాం. నేను ఇరవైసార్లు ప్రయత్నించాను. కావాలని వణికిస్తే దొంగ వణుకు వస్తోంది, మామూలుగా గీస్తే తిన్నగా వస్తోంది. బాలమ్మ పెన్సిలు కింద పెట్టి, “గీ గీత మనతోని కాదు టీచరమ్మా. గిది నదిల నీళ్ళున్నట్టున్నది. పెద్దాయననే గీయాలె” అంది. వయసులో నీకంటే ఆరేళ్ళు చిన్నది కాబట్టి నిన్ను పెద్దాయనంటోంది. సంతోషించు.

కాబట్టి తీర్పు. పాత ఆట ముగిసింది. అందులో ఆడుతున్నది మనమిద్దరం కామని తేలింది కదా. ఐదు నెలలుగా ఒకరి మొహం ఒకరు చూడని ఒక గుడివాడ కోడలూ ఒక నల్గొండ ఆవిడా చక్కగా ఉత్తర ప్రత్యుత్తరాలు నడుపుతుంటే, మనం మధ్యలో నియమాలు వల్లిస్తూ కూర్చున్నాం. కొత్త ఆటలో కాగితం నాలుగు భాగాలు. నాదీ బాలమ్మదీ మేం గీసి పంపుతున్నాం, ఆమెది మళ్ళీ లారీయే. మిగిలిన రెండూ నీదీ అమలదీ. చెరపకూడదన్నది ఉంటుంది. అడగకూడదన్న నియమం రద్దు. లారీ కనబడితే అందులో ఏముందో అడిగి తీరాలి. నీ భాగం నువ్వే గీయాలి. అందులో ఒక్క తిన్నని గీత కనిపించినా అమల గీసిందని తిప్పి పంపుతాను. అమలతో చెప్పు, తన నీడ గీతలు బాగున్నాయి కానీ చేతులు గీయడం రాదు, అందుకే ఆ మనిషి చేతిని సంచి వెనక దాచింది. ఆ దొంగతనం నేను మలక్‌పేటలో వెయ్యిమంది పిల్లల దగ్గర చూశాను. నెలకు నాలుగు చేతులు గీసి పంపమను, ఎర్ర పెన్సిలుతో దిద్ది పంపుతాను.

నేను గుడివాడ రాను. నా ఇల్లు ఇక్కడుంది, నాతో పోట్లాడే మనిషి పై వాటాలో ఉంది. రాష్ట్రం ఒకటిగా ఉంటుందో రెండవుతుందో మాకిద్దరికీ తెలియదు, రోజూ మధ్యాహ్నం మాత్రం దానిమీద గొంతులు పోయేలా అరుచుకుంటున్నాం. ఈ కాగితం మడతలు చూసి ఆమె అడిగింది, “రేపు రాష్ట్రమొస్తె, గీ లారీ మీ తమ్ముని దిక్కు పోవాల్నంటె పర్మిట్ కావాల్నేమో?” అని. కావాలన్నాను. వెంటనే లారీ ముందు అద్దం మీద ఒక పర్మిటు కాగితం అంటించి, దానిమీద తనే సంతకం పెట్టేసింది.

దసరా సెలవులకు బిందునూ బాలమ్మనూ వెంటబెట్టుకుని వారం రోజులకు వస్తాను. గది శుభ్రంగా ఉంచు, ఆ తెల్ల గోడ నలుగురికీ సరిపోతుంది.

ఇప్పుడొక పని. మీ ఇద్దరి భాగాలూ గీయడం అయ్యాక, పోస్టాఫీసుకు వెళ్ళేముందు బజార్లో పొడుగాటి కవరొకటి కొను, ఈ కాగితం ఇంకొక్క మడత కూడా పడకుండా పట్టేది. లోపల అట్టముక్క పెట్టు. కౌంటరు దగ్గర ముద్ర కొట్టేవాడితో చెప్పు, తపాలా బిళ్ళ మీద మాత్రమే కొట్టమని, బలమంతా అక్కడే చూపించవద్దని. అడ్రసు అమలతో రాయించకు, కంప్యూటరులో కొట్టించకు. నువ్వే రాయి, ఎంత సేపు పట్టినా సరే. మా పోస్టుమాన్ మట్టయ్యకు ముందే చెప్పి ఉంచాను, అక్షరాలు చీమల బారులా ఉన్న కవరు వస్తే అది ఈ ఇంటిదేనని.

నీ అక్క,
లలితకుమారి